పరశరాములు కాలిలో నేను

నేను ఒక స్టీలు రాడ్డును. విరిగిన ఎముక బోలులోకి దూరి దాన్ని నిలబెట్టడం నా పని. ఫ్యాక్టరీలో నన్ను నున్నగా సానబట్టి, చీము పట్టకుండా ఒంటినిండా మందు పూత పూశారు. ఆ పూత నిజంగా పనిచేస్తుందా లేదా అని పరిశోధన చేస్తున్నది డాక్టరు వైదేహి. ఒప్పుకున్న రోగుల్లో సగం మందికి మామూలు రాడ్డు, సగం మందికి నాలాంటిది. ఎవరికేది అన్నది చీటీ తీసినట్టే. అలా నేను పరశరాములు వంతుకొచ్చాను.

పరశరాములు గీత కార్మికుడు. తాటిచెట్టు మీదినుంచి జారిపడితే మోకాలి కింద ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. నన్ను లోపలికి దించి పైనా కిందా మరలు బిగించారు. ఇక చూడండి నా బతుకు. వెలుతురు లేదు, కదిలే వీల్లేదు. జైల్లో ఖైదీకైనా కిటికీ ఉంటుంది.

మొదట్లో అంతా బాగానే ఉంది. ఇంటికెళ్ళాక నా పూత ఓడిపోయి, చుట్టూ చీము ఊరడం మొదలైంది. ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే, చెప్పలేనిదాన్నీ నేనే. అరవాలనిపించేది. చివరికి చీము గాయంలోంచి బయటికి దారి చేసుకుంది. హమ్మయ్య, ఇక వీళ్ళే చూసుకుంటారులే అనుకున్నాను. మనుషుల సంగతి నాకప్పటికింకా తెలియదు.

డాక్టరమ్మ ఫోన్ చేసింది. "ఎట్లున్నది పరశరాములన్నా? నొప్పిగిట్ల, చీముగిట్ల ఉన్నదా?"

"ఏం లేదు మేడం. మంచిగనే ఉన్న, మీ దయ."

ఫోన్ పెట్టేశాక భార్య అండాలు నిలదీసింది. "బట్టంత చీమైతుంటే గట్లెట్ల చెప్తివయ్య?"

"ఊకోవే. కన్నబిడ్డ లెక్క చూసుకున్నది ఆమె. నీ మందు పనిచేస్తలేదని నా నోటితోని ఎట్ల చెప్పాలె?"

విన్నారా మర్యాద? కాలు కుళ్ళినా పర్వాలేదట, డాక్టరమ్మ మనసు నొచ్చుకోకూడదట. పసుపు అద్ది, గుడ్డ చుట్టి, నన్ను ఇంకాస్త లోతున పూడ్చిపెట్టాడు మహానుభావుడు. జ్వరం కూడా పట్టుకునేసరికి అండాలుకు ఓపిక నశించింది. డాక్టరమ్మ మళ్ళీ ఫోన్ చేసినప్పుడు మొగుడి చేతిలోంచి లాక్కుని, "అబద్ధమాడుతుండు మేడం, కాలు కుళ్ళుతున్నది" అంది.

ఆసుపత్రికి తెచ్చి నన్ను ఊడబెరికారు. ఎముక కడిగి, బయటినుంచి కమ్మీలు బిగించారు. కాలు దక్కింది. ఇంకొంచెం ఆలస్యమైతే కోసేసేవాళ్ళే.

నన్ను సీసాలో వేసి తెచ్చి డాక్టరమ్మ అతని మంచం పక్కన కూర్చుంది. "నువ్వు మంచిగున్నదంటే నమ్మిన అన్నా. పనిచేస్తున్నదనుకొని ఇదే పూత ఇంకెంతమంది కాళ్ళల్ల పెట్టేదాన్నో."

పరశరాములు ముఖం చిన్నబోయింది. సీసా తీసుకుని నాకేసి చూశాడు. "లోపల్నే ఉంటివి గద. నువ్వన్న చెప్పకపోతివి."

"దానికి నోరు లేదు. నీకేమైంది?" అంది అండాలు.

పరశరాములు సీసాను పక్కన పెట్టి, గొంతు తగ్గించి, "మేడం, కింది కమ్మీ కాడ పొద్దటి సంది నొస్తున్నది" అన్నాడు.

డాక్టరమ్మ అప్పటికే లేచి కట్టు విప్పుతోంది. గాజు సీసాలో మళ్ళీ బందీనే అయినా, నాకు అప్పుడు ఊపిరాడినట్టయింది.