పొయ్యి వెలగకముందే రుచి

హెడ్మాష్టారికి రోజుకో అబద్ధం ఆడే అలవాటుంది. అదీ రాతపూర్వకంగా. బడి భోజనం పిల్లలకు వడ్డించే ముందు ఆయన నాలుగు ముద్దలు తిని, ఎలా ఉందో పుస్తకంలో రాసి సంతకం పెట్టాలని ప్రభుత్వ నియమం. ఆయనేమో పొద్దున్నే, వంటావిడ పొయ్యి వెలిగించకముందే "రుచి బాగుంది" అని రాసేసి, మధ్యాహ్నం ఇంటి క్యారియర్ విప్పుకునేవారు. మూడేళ్ళలో ఒక్కనాడూ రుచి చెడలేదు మరి!

అంతమాత్రాన ఆయన్ని చెడ్డవాడనుకునేరు. కిందటి వేసవి సెలవుల్లో ఏదో కాగితం కోసం బడికొస్తే, రెండో తరగతి పిల్ల గేటు పట్టుకుని నిలబడి ఉంది. "ఇవాళ అన్నం పెట్టరా సార్?" అని అడిగింది. "సెలవులు కదమ్మా" అని పంపేశారు. ఆ మాట అన్నందుకు ఆయనకు ఇప్పటికీ సిగ్గే.

ఈసారి వేసవిలోనూ ఉచితంగా భోజనం పెడతామంది ప్రభుత్వం. అయితే ఇవాళ సాయంత్రంలోగా నలభై మంది పిల్లల పేర్లు చేరాలి. చేరినవి పదకొండు. తల్లుల మాట ఒకటే: "మేష్టారు ముట్టని తిండి మా పిల్లలకా?"

అందుకే ఇవాళ తల్లులందరినీ పిలిచి, వాళ్ళ ముందే తినడానికి కూర్చున్నారు. వంటావిడ గిన్నెలు మూడుసార్లు తోమి, కొంగు సవరించుకుని, అన్నం, బంగాళదుంప కూర వడ్డించింది. మేష్టారు ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

కూరలో ఉప్పు లేదు.

మింగలేక కక్కలేక ముద్దను బుగ్గన పెట్టుకున్నారు. పొద్దున సంతకం పెట్టిన పుస్తకం పక్కనే ఉంది. బాగుందంటే తల్లులు రుచి చూసి లేచి వెళ్ళిపోతారు. బాగాలేదంటే వినగానే లేచి వెళ్ళిపోతారు. ముందు వరుసలో కవలల తల్లి కన్నార్పకుండా చూస్తోంది. ఆవిడ ఎటు మొగ్గితే వీధంతా అటే.

"ఉప్పు లేదమ్మా" అన్నారు మేష్టారు. ఇక దాచి లాభం లేదనిపించి, "ఈ పుస్తకంలో బాగుందని రాశాను. తినకుండా రాశాను. మూడేళ్ళుగా అంతే" అని తలొంచుకున్నారు.

వంటావిడ నోటి మీద చెయ్యేసుకుంది. "అయ్యో నా మతిమండ! మీరు మూడేళ్ళకి ఇవాళ తిన్నారు, నేనూ ఇవాళే మరిచానా!"

కవలల తల్లి లేచింది. అంతా అయిపోయిందనుకున్నారు మేష్టారు. ఆవిడ వచ్చి ఆయన జేబులోంచే కలం లాక్కుంది.

"ఉప్పు నేనూ మరిచిపోతుంటాను సార్. ఆ మాట పైకనడానికి మా ఆయనకే ధైర్యం చాలదు. నా పిల్లలిద్దరి పేర్లూ రాస్తున్నా. కానీ మీరు రోజూ ముందు తినాలి. ఎలా ఉంటే అలా చెప్పాలి."

"సెలవులన్నాళ్ళూనా?"

"మరి, పిల్లలకి సెలవుల్లో ఆకలి వెయ్యదా?"

గేటు పట్టుకుని నిలబడ్డ పిల్ల గుర్తొచ్చి మేష్టారు సరేనని తలూపారు. కలం చేతులు మారుతూ వెనక వరుస దాకా వెళ్ళింది. పేర్లు నలభై దాటి యాభైరెండు దగ్గర ఆగాయి. మేష్టారికి సంతోషం పట్టలేక కళ్ళనీళ్ళొచ్చాయి. కూర గిన్నె మీదికి వంగి కళ్ళు తుడుచుకోబోతే వంటావిడ గబుక్కున గిన్నె పక్కకు లాగింది.

"ఆగండి మేష్టారూ, ఉప్పు ఇప్పుడే వేశాను. ఇంకా పడితే కష్టం."