ఉచ్చీరప్ప టాక్సీ బ్యాటరీ

పొద్దున్నే ఉచ్చీరప్ప టాక్సీని తొయ్యడం ఆదోనిలో జిన్నింగు మిల్లు కూలీలకు అలవాటైపోయింది. పనికి పోతూ నలుగురు ఆగి, సద్దిమూటలు వెనక సీట్లో పెట్టి, బలంగా ఒక్క తోపు తోసేవాళ్లు. బండి దగ్గి, వణికి, లేచేది. మంత్రాలయం పోయే యాత్రికులు అప్పటికే బస్సెక్కి పోయి ఉండేవాళ్లు.

నాలుగేండ్లుగా ఇదే తంతు. నిండుగా ఉన్న బ్యాటరీ తెల్లారేసరికి చచ్చిపోయేది. మూడు బ్యాటరీలు మార్చినాడు. డైనమోకు కొత్తగా తీగ చుట్టించినాడు. ఆ ఎండాకాలం ఇంక బండిని పాతసామాన్లవాళ్లకు ఇచ్చేద్దామనుకొని, ఆఖరుసారిగా చోటే సాబ్ దగ్గరికి తోలుకుపోయినాడు.

చోటే సాబ్‌కు మార్కెట్ వెనక బ్యాటరీలు బాగుచేసే కొట్టు ఉంది. తొందరపడే మనిషి కాదు. ముందు ఇంజిను నడిపించి డైనమో చూసినాడు. ఛార్జి బాగానే ఎక్కుతాంది. ఇంజిను ఆపి, బ్యాటరీ నుంచి ఒక వైరు ఊడదీసి, ఆ వైరుకూ బ్యాటరీకీ నడుమ ఒక చిన్న బల్బు తగిలించినాడు.

"కరెంటు యాడికైనా కారిపోతాంటే ఇది వెలుగుతాదన్నా."

బల్బు వెలగలేదు. ఉచ్చీరప్ప లేవబోయినాడు.

"కూచో. ఇప్పుడు కారలేదంటే ఎప్పుడూ కారదని కాదు."

పొద్దుగూకింది. మసీదులో నమాజు పిలుపు అయిపోయిన కాసేపటికి బల్బు వెలిగింది. చోటే సాబ్ ఫ్యూజులు పీకినాడు. ఆరలేదు. డైనమో, హారను, లైట్ల వైర్లు ఒక్కొక్కటే ఊడదీసినాడు. అయినా ఆరలేదు. మూడు రోజులు బండిని అక్కడే పెట్టుకొని చూసినాడు. రోజూ దీపాలు పెట్టే వేళకు వెలిగేది, తొమ్మిది దాటినాక ఆరిపోయేది.

నాలుగో రోజు ఉచ్చీరప్ప రాగానే చోటే సాబ్ అడిగినాడు. "మా వదిన యాడుందన్నా?"

ఉచ్చీరప్ప మొహం తిప్పుకున్నాడు. "ఎమ్మిగనూర్లో. పుట్టింట్లో."

నాలుగేండ్ల కింద, భార్య అంజినమ్మ తల్లికి ప్రాణం మీదికొచ్చిందని కబురు వచ్చిన రోజు ఉచ్చీరప్ప, ఈ ఒక్క ట్రిప్పు అయినాక పోదామని, యాత్రికులను ఎక్కించుకొని మంత్రాలయం పోయినాడు. అంజినమ్మ ఒక్కతే బస్సెక్కింది. ఆమె చేరేసరికి తల్లి లేదు. తర్వాత ఆమె తిరిగి రాలేదు. కొట్లాడనూ లేదు. ఇతనికి పోయి పిలవడానికి మొహం చెల్లలేదు. ఎమ్మిగనూరు గిరాకీ వస్తే ఇంకో టాక్సీకి అప్పగించేవాడు. కానీ ఎన్నో సాయంత్రాలు ఖాళీ బండితో ఆ రోడ్డు మొదటిదాకా పోయి, ఇంజిను ఆపకుండా కాసేపు నిలబడి వెనక్కి వచ్చేవాడు.

"ఎమ్మిగనూర్లో మా అక్క జొహరాబీదీ అదే వీధి, ఆమే చెప్పింది," అన్నాడు చోటే సాబ్. "మా వదిన ఇంటికి కరెంటు లేదు, వైరు లేదు. దూలానికి కట్టిన బల్బు మాత్రం ఆమె వచ్చినప్పటి నుంచి రోజూ దీపాల వేళకు వెలుగుతాందంట. దాని కిందనే మగ్గాలకు నూలు కండెలు చుడతాదంట. నీ కరెంటు పోయేది ఆడికే."

ఉచ్చీరప్ప అడిగినాడు. "వెలుతురు బాగొస్తాందా?"

"దారప్పోగు కనబడేంత." చోటే సాబ్ చేతులు తుడుచుకున్నాడు. "బ్యాటరీకి ఒక స్విచ్ పెడతా. సాయంత్రం ఆర్పితే పొద్దున తోసే పని లేకుండా సెల్ఫ్‌కే లేస్తాది. అయితే ఆడ చీకటైతాది. నువ్వే చెప్పాల."

ఉచ్చీరప్ప రెండు బీడీలు కాల్చినాడు. తర్వాత, "పెట్టు," అన్నాడు.

మర్నాడు సెల్ఫ్ ఒక్కసారి నొక్కగానే బండి లేచింది. కూలీలు ఆగి, చూసి, నవ్వుకుంటూ పోయినారు. మూడు రోజులు మంత్రాలయానికి నిండు బండి తోలినాడు. మూడు సాయంత్రాలూ స్విచ్ ఆర్పినాక అన్నం సహించలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం బస్టాండు దగ్గర బండి తుడుస్తాంటే, ఎమ్మిగనూరు బస్సులోంచి అంజినమ్మ దిగింది. చేతిలో సంచి కూడా లేదు. కొంగుకు తెల్లటి నూలు పోగులు అంటుకొని ఉన్నాయి. అతన్ని కాళ్ల నుంచి తల దాకా చూసింది.

"బాగనే ఉండావా?"

"ఉండాను."

"మూడు దినాలైంది దీపం రాక. నీకేమో అయిందని..." ఆమె బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"అది నాదని నీకు తెలుసా?"

"నీది కాక ఇంకెవరిది?"

ఉచ్చీరప్ప చేతిలో గుడ్డను పిండుతూనే ఉన్నాడు. "బండి లేస్తాలేదని నేనే ఆర్పినాను." గుడ్డ భుజానేసుకొని అన్నాడు, "ఆ దినం నిన్ను తీసుకపోకుండా తప్పు చేసినాను. ఎన్నోసార్లు వద్దామనుకున్నా, అంజినీ. రాలేకపోయినాను."

బస్సు వెనక్కి తిరిగి, దుమ్ము లేపుకుంటూ ఎమ్మిగనూరు వైపు వెళ్లిపోయింది. ఉచ్చీరప్ప బానెట్ ఎత్తినాడు. "ఈ స్విచ్ ఇప్పుడే పీకేస్తా. పొద్దుగూకేసరికి ఆడ వెలుగుతాది."

అంజినమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"దాన్ని అట్లనే ఉండనీ," అంది. "మనింట్లో లాంతరుకు కిరసనాయిలు ఉందా?"