యుస్తినా చేత్తో మూసిన పేజీ

ఫైర్‌స్టేషన్ మేడ మీద బుధవారం మధ్యాహ్నం కాపలా నాదీ, యుస్తినాదీ. రష్యా బాంబు విమానాలు మా పెన్సిల్వేనియా దాకా రావచ్చని ప్రభుత్వం చెప్పింది కాబట్టి ఊళ్ళో ఆడవాళ్ళం వంతులేసుకుని ఆకాశం చూసేవాళ్ళం. విమానం కనబడితే ఎన్ని ఇంజన్లో, ఎటు పోతోందో ఫోన్ చేసి చెప్పాలి. ఏడాదిగా మాకు కనబడినవన్నీ పిట్స్‌బర్గ్ పోయే ప్రయాణికుల విమానాలే. అయినా అనుమానించడం మా డ్యూటీ. నాకది బాగా ఒంటబట్టింది.

పంతొమ్మిది వందల యాభై మూడు ఫిబ్రవరిలో ఒక బుధవారం, యుస్తినా కోటు జేబులోంచి నల్లట్ట పుస్తకం తీసి ఏదో రాస్తోంది. విమానం మోత వినబడితే తలెత్తి చూసింది. ఫోన్ నేనే చేశాను. తిరిగొచ్చేసరికి మళ్ళీ రాస్తోంది. నన్ను చూడగానే పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏంటే అది, అంత దాపరికం?"

"ఏం లేదు వదినా. తపస్సుకాలం వస్తోందిగా. పోయినవాళ్ళ పేర్లు."

"చర్చి పుస్తకానికి మేడ మీదేం పని?"

"ఇంట్లో మా ఆయన గోలలో ఒక్క పేరూ గుర్తు రాదు. అయినా ఆ చూపేంటి? నా మీద కూడా ఫోన్ చేసేలా ఉన్నావే! చెయ్యి మరి. ఒకటే ఇంజను, పాతది, బాగా కింద ఎగురుతోందని చెప్పు."

నాకు నవ్వు రాలేదు. పేర్లే అయితే చెయ్యి అడ్డమెందుకు?

ఆ పుస్తకం సంగతి నాకు తెలియనిది కాదు. కార్పాతియన్ కొండల నుంచి వచ్చిన మా వాళ్ళలో ఇంటికొకటి ఉంటుంది. ఇంట్లో పోయినవాళ్ళ పేర్లన్నీ అందులో మా పాత అక్షరాల్లో రాస్తాం. ఈస్టర్ ముందు వచ్చే తపస్సుకాలం శనివారాల్లో ఫాదర్‌గారు ఒక్కో ఇంటి పుస్తకం తెరిచి పేర్లు చదువుతారు. చిక్కల్లా ఆ అక్షరాలు రష్యా వాళ్ళవీ కావడమే. కిందటేడు పక్క ఊళ్ళో ఒక గుమస్తా ఇంట్లో అలాంటి పుస్తకాలు దొరికి, కమ్యూనిస్టని ఉద్యోగం ఊడింది. ఆ వారమే మా ఇంటి పుస్తకాన్ని పొయ్యిలో పెట్టాను. మా అమ్మానాన్నలు, మా ఆయన, నలభై నాలుగులో బెల్జియం మంచులో పోయిన నా కొడుకు ఎమిల్, అందరూ అందులోనే ఉన్నారు. ఎమిల్ పోయేనాటికి రష్యా మనకు స్నేహితుడు. ఊళ్ళో ఉక్కు మిల్లు గోడ మీది బొమ్మలో రష్యా సైనికుడు నవ్వుతూ ఉండేవాడు. తర్వాత ఆ గోడకు సున్నం కొట్టారు.

యుస్తినా చెయ్యి అడ్డం పెట్టిన మర్నాడు, టోపీలు పెట్టుకున్న ఇద్దరు ప్రభుత్వ మనుషులు మా ఇంటికొచ్చారు. యుస్తినా మొగుడు ఫెద్యో మిల్లులో యుద్ధ ట్యాంకుల రేకులు చేసే చోట పనిచేస్తాడు. అక్కడి వాళ్ళందరి గురించీ వాకబు చేస్తున్నారట.

"ఆయన భార్య మేడ మీద పుస్తకంలో ఏదో రాస్తోందటగా?"

వీళ్ళకెవరు చెప్పారు? కిందున్న ఫైర్‌మన్ కావచ్చు, ఎదురింటావిడ కావచ్చు. ఎదురింటి కిటికీ తెర అప్పుడే కదిలింది కూడా.

"మీదీ ఆ చర్చేగా? మీ ఇంట్లోనూ అలాంటి పుస్తకం ఉందా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చూపు పొయ్యి మీదికి పోయింది.

"మా ఇంట్లో లేదు బాబూ. ఆవిడేం రాస్తుందో నాకు తెలీదు. అడిగితే చెయ్యి అడ్డం పెట్టింది."

మూడు మాటల్లో రెండు నిజాలే.

వాళ్ళు యుస్తినా పుస్తకం పట్టుకుపోయారు. సోమవారం ఫెద్యోను మిల్లు గేటు దగ్గరే ఆపేశారు. మూడు వారాలకు, అందులో ఏమీ లేదని పుస్తకం తిరిగిచ్చారు. ఉద్యోగం తిరిగివ్వలేదు. యుస్తినా మళ్ళీ కాపలాకు రాలేదు, నేను వాళ్ళ గుమ్మం తొక్కలేదు. ఎవరైనా చూస్తే?

ఆ శనివారం చర్చిలో వట్టి చేతులతో వెనక కూర్చున్నాను. ఫాదర్‌గారు నల్లట్ట పుస్తకం తెరిచి యుస్తినా పెద్దవాళ్ళ పేర్లు చదివారు. చివరి పేజీ తిప్పారు.

"వాసిల్. యెవ్కా. ఇల్కో. యుద్ధంలో పోయిన ఎమిల్."

మా అమ్మానాన్నలు. మా ఆయన. నా బిడ్డ.

బయట మెట్ల మీద యుస్తినాయే నా దగ్గరికొచ్చింది.

"కిందటేడు మీ పుస్తకం రాలేదు వదినా. ఏమైందో అడగబుద్ధి కాలేదు. బాప్తిస్మంలో ఎమిల్‌ని ఎత్తుకున్న జ్ఞానతల్లిని, వాడి పేరు నేను చదివించకపోతే ఇంకెవరు చదివిస్తారు? రాస్తుంటే చూసి ఏడుస్తావని ఆ రోజు చెయ్యి అడ్డం పెట్టా."

నా వట్టి చేతులు కోటు జేబుల్లోకి తోసేశాను.

"ఉద్యోగం కోసం క్లీవ్‌లాండ్ పోతున్నాం," అంది. "వదినా, మా మీద ఎవరు చెప్పారో నీకేమైనా తెలుసా?"

"నాకు తెలీదే," అన్నాను.

యుస్తినా నా మొహంకేసి చాలాసేపు చూసింది. మేడ మీద విమానాన్ని అలాగే చూసేది, ఎన్ని ఇంజన్లో, ఎటు పోతోందో తేలేదాకా. తర్వాత పుస్తకం కోటు జేబులో పెట్టుకుని మెట్లు దిగింది.