నోరు తెరిచినవారి ఉపసంఘం

పట్టణ ఉద్యానవనాల కమిటీ సమావేశమయ్యే గదికి ఒకటే తలుపు. బయటినుంచి తోస్తే తెరుచుకుంటుంది. లోపలినుంచి లాగడానికి పిడి లేదు. నాలుగేళ్ళ కిందట అది ఊడి ఎవరి చేతికో వచ్చింది. ఆ చేయి తనదేనని ఇంతవరకు ఎవరూ ఒప్పుకోలేదు. పోనీ తెరిచి ఉంచుదామంటే, జనన ధ్రువపత్రాల కోసం వరండాలో బారులు తీరిన తల్లుల చంకల్లోని చంటిపిల్లలు ఎవరి మాటా ఎవరికీ వినపడనివ్వరు. అందుకని ప్రతి మంగళవారం నాలుగింటికి సభ్యులంతా లోపలికి వచ్చాక అటెండరు తలుపు వేసి వెళతాడు, ఆరింటికి వచ్చి తీస్తాడు. మధ్యలో ఎవరికే అవసరం వచ్చినా ఆరింటిదాకా బిగబట్టుకోవలసిందే.

తలుపు బాగుచేయించమని అడగడానికి నోరు లేక కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గాని, ఈ గదిలో నోరు తెరిస్తే ఊరి పనంతా వచ్చి మెడకు చుట్టుకుంటుంది. ఏ పని గురించి ఎవరు ప్రస్తావిస్తే ఆ పనికి వాళ్ళనే ఉపసంఘం అధ్యక్షుల్ని చేయడం ఇక్కడి ఆనవాయితీ. ఆ ఉపసంఘంలో అధ్యక్షులు తప్ప వేరే సభ్యులు ఉండరు. పైగా ఒకరి పేరు మీద పని మిగిలి ఉన్నంతకాలం వాళ్ళ పదవీకాలం ముగియదు. అందుచేత కమిటీ పెద్దలు బహు పొదుపుగా మాట్లాడతారు. ఈరోజు కాస్త ఉక్కగా ఉందనడానికి కూడా అటూ ఇటూ చూసుకుంటారు, ఫ్యాన్ల ఉపసంఘం నెత్తిన పడుతుందేమోనని.

మినిట్సమ్మకు ఈ సంగతి మొదటిరోజు తెలియదు. ఆరేళ్ళ కిందట కమిటీ సభ్యురాలు ఆమె ఆడపడుచు. ఆవిడకు మోకాలు పట్టేసి, "ఒక్క మంగళవారం నా బదులు వెళ్ళి కూర్చో మరదలా. నువ్వేం మాట్లాడక్కర్లేదు. చదువుకున్నదానివి, నవ్వుతూ కూర్చుంటే చాలు" అంది. మోకాలు పది రోజుల్లో తగ్గింది. మరదలు మాత్రం ఇంకా కూర్చునే ఉంది. మొదటిరోజే తాగడానికి నీళ్ళు ఎక్కడున్నాయని అడిగి తాగునీటి ఉపసంఘం అధ్యక్షురాలైంది. చేతిసంచిలో కలం కనిపించిన పాపానికి సమావేశం మినిట్స్ రాసే పని కూడా ఆమెకే దక్కింది. దాంతో అసలు పేరు పోయి మినిట్సమ్మ మిగిలింది. ఆ తర్వాత ఎప్పుడో, "పార్కులో పిల్లలు ఆడుకోవడానికి ఏముంది పాపం" అని నిట్టూర్చినందుకు జారుడుబల్ల వచ్చి పడింది.

పోయిన గురువారం ఆ జారుడుబల్ల బిగించారు. తనిఖీ చేసి సంతకం పెట్టాల్సింది అధ్యక్షురాలే కాబట్టి తనే ఎక్కి జారి చూసింది. అటెండరు మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు. ఇప్పుడు ఆమె పేరు మీద ఏ పనీ లేదు. పదవీకాలం ఈరోజు ఆరింటితో సరి. ఈ రెండు గంటలూ నోరు కట్టుకుంటే, వచ్చే మంగళవారం తనది.

మంగళవారమే ఎందుకంటే, వారం మొత్తం మీద ఆరోజు నాలుగు నుంచి ఆరు వరకే వాళ్ళ ఇల్లు ఖాళీగా ఉంటుంది. భర్తకు రెండో షిఫ్టు. పిల్లలిద్దరికీ ట్యూషను. అత్తగారు చిన్నకొడుకు ఇంటికి వెళ్ళి పెద్దకోడలి సంగతులు చెప్పి వస్తారు. "అమ్మా, నా సాక్సేదీ", "ఏమోయ్, నా కళ్ళజోడు చూశావా" అన్న మాటలు వినపడని ఇల్లు ఎలా ఉంటుందో ఆమె ఎరగదు. ఆ సమయానికి తను ఎప్పుడూ ఈ గదిలో ఉంటుంది. ఆరేళ్ళుగా ఒక నవల చేతిసంచిలోనే తిరుగుతోంది. నూట పన్నెండో పేజీలో బస్సు టిక్కెట్టు గుర్తు. ఆ పేజీలో కథానాయిక ఎవరింటివో మెట్లు ఎక్కుతోంది. ఆరేళ్ళనుంచీ ఎక్కుతూనే ఉంది. మహాతల్లికి కాళ్ళు ఎంత పీకుతున్నాయో.

ఆ రోజు ఎజెండాలో రెండే అంశాలు. ఒకటి యువ నాయకత్వం. అంటే పైనుంచి వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఒక యువ ప్రతినిధిని కమిటీలో చేర్చుకోవడం. రెండోది కొత్త ఆటల సౌకర్యాలు.

నాలుగింటికి ప్రతినిధి వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల. బాస్కెట్‌బాల్ ఆడే పొడుగు, మోచేతి మీద ఎండిన గాయం, చంకలో నోటుబుక్కు. మినిట్సమ్మ పక్క కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చుంది. అటెండరు తలుపు వేసి వెళ్ళాడు.

"అదేంటాంటీ, దీనికి లోపల పిడి లేదా?" అంది పిల్ల.

మినిట్సమ్మ పెదవులు బిగించి, కళ్ళతోనే ఊరుకోమంది. కమిటీ భాష కొత్త కదా, పిల్లకు అర్థం కాలేదు.

"మరి బాగుచేయించచ్చు కదా సార్?"

నాలుగేళ్ళనుంచి గదిలో పేరుకున్న మౌనం భళ్ళున బద్దలైంది. కమిటీ అధ్యక్షుడు రిటైరైన సర్వేయరు. ఒక్కసారి నిటారుగా కూర్చున్నాడు. "చూశారా! యువ నాయకత్వమంటే ఇదీ! ఈ ప్రతిపాదనను నేను మనస్ఫూర్తిగా బలపరుస్తున్నాను. తలుపు ఉపసంఘానికి నువ్వే అధ్యక్షురాలివి తల్లీ."

"నేనూ బలపరుస్తున్నా. ఇలాంటి పిల్లల్ని వెన్నుతట్టాలండీ" అన్నాడు పీటీ మాస్టారు. ఆయన రిటైరై తొమ్మిదేళ్ళయినా ఈల ఇంకా మెడలోనే ఉంది.

మొక్కల నర్సరీ నడిపే మూడో సభ్యుడు, "నేనూ బలపరుస్తున్నానని రాసుకోండి" అని కళ్ళు మూసుకున్నాడు. ఆయన కళ్ళు మూసుకుంటే ఆరింటికే తెరుస్తాడు. మధ్యలో మాటలు మాత్రం వస్తుంటాయి.

మినిట్సమ్మ 'తలుపు: యువ ప్రతినిధి' అని రాసింది. బలపరచడాలు రాసే అలవాటు ఆమెకు లేదు. నిబంధనల పుస్తకం ఏం చెప్పినా, పెద్దవాళ్ళు ఊతపదంలా అనే మంచి మాటల్ని కాగితమ్మీద పెట్టి వాళ్ళను ఇరుకున పెట్టడం ఎందుకులే అని ఆరేళ్ళనుంచీ వదిలేస్తూ వచ్చింది.

పిల్ల పొంగిపోయి నోటుబుక్కు తెరిచింది. మొదటి పేజీలో స్కేటింగుకు సిమెంటు గచ్చు. దానికి బొమ్మ కూడా వేసి తెచ్చింది, మలుపు దగ్గర పిల్లలు పడితే దెబ్బ తగలకుండా ఏం చేయాలో సహా. ముగ్గురూ బలపరిచారు. గచ్చు ఉపసంఘం పిల్లకే. రెండో పేజీలో తాళ్ళు కట్టుకుని ఎక్కడానికి ఎత్తయిన గోడ. అద్భుతమన్నారు, బలపరిచారు. గోడ కూడా పిల్లకే.

"సార్, మార్చిలో నాకు పరీక్షలు..."

"నాయకత్వమంటే అదేనమ్మా, టైము చేసుకోవడం" అన్నాడు అధ్యక్షుడు.

"మరి నాతో ఎవరు పనిచేస్తారు సార్?"

"మేమంతా నీ వెనక ఉన్నాంగా అమ్మాయ్!" అన్నాడు పీటీ మాస్టారు. ఆ మాట నిజమే. ఆ కమిటీలో అందరూ ఎప్పుడూ వెనకే ఉంటారు.

పిల్ల మూడో పేజీ తిప్పింది. చదవబోయి ఆగింది. ఒకసారి తలుపు వైపు, ఒకసారి ముగ్గురి వైపు చూసింది.

"ఇంకా ఏమైనా ఉన్నాయా తల్లీ?"

"లేవు సార్."

ఉన్నాయి. పక్కనే కూర్చున్న మినిట్సమ్మకు కనిపిస్తూనే ఉన్నాయి. మూడో పేజీలో ఒకే ఒక్క వాక్యం, మిగతా రెండు పేజీలకన్నా పెద్ద అక్షరాలతో: 'కోర్టులో లైట్లు. చీకటి పడితే మమ్మల్ని ఇంటికి పంపేస్తున్నారు, అబ్బాయిలు మాత్రం ఫోను వెలుగులో ఆడుకుంటున్నారు.' కింద రెండుసార్లు గీత గీసి ఉంది. అసలు ఈ పిల్ల ఇక్కడికి వచ్చింది ఈ ముక్క చెప్పడానికేనని, ముందు రెండూ దీనికి దారి చేయడానికేనని గ్రహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

పిల్ల నోటుబుక్కు మూసి, దాని మీద రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి పెట్టుకుని కూర్చుంది. ఆ కూర్చోవడం మినిట్సమ్మ బాగా ఎరుగును. గదిలో మిగతా ముగ్గురూ అలాగే కూర్చుని ఉన్నారు. తనూ అలాగే కూర్చుని ఉంది. అలా కూర్చోవడం నేర్చుకోవడానికి తనకు మూడు నెలలు పట్టింది. ఈ పిల్లకు డెబ్బై నిమిషాలు. ఈకాలం పిల్లలు చురుకు.

గోడ గడియారంలో అయిదూ పది. ఇంకా యాభై నిమిషాలు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ఆమె ప్రాణం. 'నీకెందుకు? ఆ పిల్ల తల్లి చూసుకుంటుంది. నువ్వు మొదటిరోజు నీళ్ళు అడిగినప్పుడు నిన్నెవరు ఆదుకున్నారు?' అని తనకు తనే చెప్పుకుంది. ఖాళీ ఇంటిని తలుచుకుంది. కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని, కాళ్ళు పైకి పెట్టుకుని, నూట పదమూడో పేజీ. మెట్లు ఎక్కాక ఆ తలుపు ఎవరు తీస్తారో.

"ఇక సభ్యులు చెప్పేదేమీ లేకపోతే..." అన్నాడు అధ్యక్షుడు.

"బాస్కెట్‌బాల్ కోర్టులో లైట్లు లేవండీ."

ఆ గొంతు ఎవరిదా అని మినిట్సమ్మ కూడా ఒక క్షణం వెతికింది. తనదే.

"చీకటి పడగానే ఆడపిల్లల్ని ఇంటికి తోలేస్తున్నారట. లైట్లు వేయించాలని ప్రతిపాదిస్తున్నా."

పిల్ల చటుక్కున తల తిప్పి చూసింది. అధ్యక్షుడి మొహం చేటంత అయింది. నిజానికి మినిట్సమ్మ వెళ్ళిపోతే రేపటినుంచి ఈ మినిట్స్ ఎవరు రాస్తారన్న బెంగ ఆయనకు పోయిన గురువారం నుంచి పట్టుకుని ఉంది.

"అయ్యయ్యో మేడమ్, ఇవాళ్టితో మీకు విముక్తి కదా!"

"తెలుసండీ."

"లైట్లంటే కరెంటాఫీసు చుట్టూ తిరగాలి. రెండేళ్ళయినా పట్టచ్చు."

"అదీ తెలుసండీ."

"అయితే మనస్ఫూర్తిగా బలపరుస్తున్నా!" అన్నాడాయన. పీటీ మాస్టారు బలపరిచాడు. నర్సరీ ఆయన కళ్ళు తెరవకుండానే బలపరిచాడు.

మినిట్సమ్మ కలం మూత తీసింది. కాగితం మీద పెట్టబోయి ఒక్క క్షణం ఆగింది. మునిగినవాడికి చలేమిటి అనుకుందో ఏమో, మొదటి వరుసనుంచి మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. అయిదున్నరకు రాయడం అయింది. రాసింది చదివి వినిపించి అందరిచేతా సంతకాలు పెట్టించడం రివాజు. లేచి గొంతు సవరించుకుంది.

"ఒకటి, తలుపు. ప్రతిపాదించింది యువ ప్రతినిధి. బలపరిచింది అధ్యక్షులవారు, పీటీ మాస్టారు, నర్సరీవారు. రెండు, స్కేటింగు గచ్చు. బలపరిచింది..."

"ఆగండాగండి మేడమ్" అన్నాడు అధ్యక్షుడు. "మా పేర్లెందుకు వచ్చాయి?"

"ఆరో నిబంధనండీ. ప్రతిపాదించినవారు, బలపరిచినవారు కలిసి ఉపసంఘం. పని పూర్తయ్యేదాకా అందరి పదవీకాలమూ సాగుతుంది."

"ఇన్నేళ్ళూ ఇలా రాయలేదే!"

"ఇన్నేళ్ళూ తప్పు రాశానండీ. ఇవాళ కళ్ళు తెరుచుకున్నాయి."

నర్సరీ ఆయన కళ్ళు కూడా అప్పుడే తెరుచుకున్నాయి. నిబంధనల పుస్తకం ముగ్గురి చేతులూ మారింది. ఆరో నిబంధన ఆరో నిబంధనలాగే ఉంది.

"అదేదో మాటవరసకి అంటాం..." అని నసిగాడు పీటీ మాస్టారు.

"మీరు బలపరచలేదంటే కొట్టేస్తాను మాస్టారూ, దానికేముంది" అంది మినిట్సమ్మ ఎంతో వినయంగా. "మరి ఏమని రాయమంటారు? వ్యతిరేకించారనా?"

పిల్ల ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటిగా చూస్తోంది. ఇందాక వెన్నుతట్టిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల కిందికి వెళ్ళాయి. కక్కలేక మింగలేక అధ్యక్షుడు ముందు సంతకం పెట్టాడు. మిగతా ఇద్దరూ పెట్టారు.

తరువాత జరిగింది ఆ గది చరిత్రలో ఎన్నడూ జరగనిది. పీటీ మాస్టారు లేచాడు. జేబులోంచి బంతుల బ్లాడరు కోసం ఎప్పుడూ దగ్గరుంచుకునే చిన్న చాకు తీశాడు. నర్సరీ ఆయన తన కొమ్మలు కత్తిరించే కత్తెర ఇచ్చాడు. అధ్యక్షుడు చొక్కా చేతులు మడిచి, "ముందు ఈ ఒక్కటైనా వదిలించుకుందాం" అంటూ తన బల్ల సొరుగులోంచి ఒక ఇత్తడి పిడి తీసి, తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాలుగేళ్ళనుంచి అది అక్కడే ఉందన్నమాట. పిల్ల ఫోనులో దీపం వేసి పట్టుకుంది. పన్నెండు నిమిషాల్లో పిడి బిగిసింది. అధ్యక్షుడు లాగితే తలుపు నోరు మూసుకుని తెరుచుకుంది.

ముగ్గురూ, తమ పేర్ల మీద ఇంకా ఏమేం మిగిలాయో గొణుక్కుంటూ, ఆరు కాకముందే బయటపడ్డారు.

తలుపు బార్లా తెరిచి ఉంది. మినిట్సమ్మ మాత్రం కదల్లేదు. మినిట్స్ మూడు ప్రతులు సాపు రాయాలి. అది ఆమె పని. వరండాలో చంటిపిల్లలు ఏడుస్తున్నారు.

"ఆంటీ, ఆ లైట్ల సంగతి నా బుక్కులో చూశారు కదా" అంది పిల్ల గడపలో నిలబడి. "నేనే చెప్పేదాన్ని. భయమేసింది."

"భయపడటం తెలివైనపనే. ఇక్కడ ధైర్యం చేసినవాళ్ళంతా ఎలా అయ్యారో చూస్తున్నావుగా."

"మీకు ఇవాళే అయిపోయేదట. సారీ ఆంటీ."

మినిట్సమ్మ రెండో ప్రతికి కాగితం తీయబోతే చేతికి నవల తగిలింది. బయటికి తీసి, బస్సు టిక్కెట్టు ఉన్న పేజీ ఒకసారి చూసి, పుస్తకం పిల్ల చేతికి ఇచ్చింది.

"ఇది తీసుకెళ్ళు. చదువు. ఆవిడ మెట్లు ఎక్కుతోంది. తలుపు ఎవరు తీశారో వచ్చే మంగళవారం వచ్చినప్పుడు నాకు చెప్పు."

"మీరే చదువుకోవచ్చుగా?"

"నాకెక్కడ తీరుతుంది?" అంది మినిట్సమ్మ, కలం విదిలిస్తూ. "బాగుందనుకో, చెప్పు. కానీ బలపరుస్తున్నానని మాత్రం అనకు. రాసేస్తాను."