రిమార్కుల కోసం

ఫిర్యాదు ఇచ్చిన మూడో రోజే ప్రొఫెసర్ ఆమెను పిలిచి, "చేతిరాత ముత్యాల్లా ఉందమ్మా" అన్నాడు.

ఆమె ఆయన దగ్గరే పరిశోధన చేస్తోంది. థీసిస్ అంతా కంప్యూటర్‌లో కొట్టిందే. ఆమె చేత్తో రాసింది పాలనా భవనంలో ఇచ్చిన ఆ రెండు పేజీలే. ఆయన తలుపు మూసి మీద చెయ్యి వేసిన తేదీలన్నీ అందులో ఉన్నాయి. ఆయన సంతకం లేనిదే డిగ్రీ రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఎవరు చెప్పి ఉంటారు? కవరు తానే అంటించింది. విషయం తెలిసింది ఒక్క రూమ్మేట్‌కే. ఆవిడకూ గైడ్ ఆయనే. నాలుగేళ్లు సీనియర్, థీసిస్ మాత్రం ఇంకా తేలలేదు. "ఇవ్వకే, అది తిరిగి ఆయన దగ్గరికే పోతుంది" అని ఆ అక్కే కదా ఆపబోయింది! ముందే ఎలా తెలుసు? ఆయన ప్రస్తావన వస్తే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మాట మార్చేది.

ఇక గదిలో మాటల్లేవు. అక్క ఫోన్ ఎత్తితే ఈమె చెవులు రిక్కించేది. అక్క కలిపిచ్చిన టీ సింకులో పోసేది. చివరకు మొహం మీదే అనేసింది, "నువ్వే ఆయనకు చేరవేశావు" అని. అక్క పెట్టె సర్దుకుని పై అంతస్తులో వేరే గదికి మారిపోయింది.

వారం తర్వాత ఫిర్యాదు ఏమైందో కనుక్కుందామని వెళితే, గుమాస్తా ఆవిడ ఆ ప్రొఫెసర్ పేరున్న ఫైలు తీసి ముందు పెట్టింది.

"రిమార్కుల కోసం మీ సార్‌కి పంపాం కదమ్మా. నిన్ననే వచ్చింది."

"ఆయన మీద ఫిర్యాదు ఆయనకే పంపారా?"

"స్టూడెంట్ కాగితం ఏదైనా ముందు గైడ్‌కే పోతుంది. సెలవు చీటీ అయినా అంతే. నేను చేరినప్పట్నుంచీ ఇదే పద్ధతి." ఆవిడ మాటలో కల్మషం లేదు. దొంగ చేతికే తాళాలిచ్చి, ఇచ్చిన సంగతే తెలియని మనిషి.

కాగితం అంచున పచ్చ సిరాతో ఆయన రాత: 'మానసిక ఒత్తిడి. కౌన్సెలింగ్ చాలు.' దాని కింద ఇంకో కాగితం, రెండేళ్ల నాటిది. అదే పచ్చ సిరా, అవే మాటలు. ఫిర్యాదు మాత్రం ఎడమకు వాలిన అక్షరాలతో ఉంది. తమ గది తలుపు వెనక ఊడ్చే వంతుల చీటీ రాసిన అక్క చెయ్యే అది. సిగ్గుతో ఆమె మొహం మండిపోయింది.

పరుగున హాస్టల్ పై అంతస్తుకు వెళ్లి తలుపు తట్టింది. "అక్కా, నేనే. ఇద్దరం కలిసి మళ్లీ రాద్దాం."

గడియ తీయకుండానే అక్క అడిగింది.

"నిన్నెవరు పంపారే?"