వంతెనల కింది మనిషి

గెర్గెలీ ఓడ పైడెక్కు చుట్టూ ఉన్న రెయిలింగును కిందికి మడిచి కొక్కేలు బిగిస్తున్నాడు. కుర్చీలన్నీ అప్పటికే దొంతరగా పడుకోబెట్టాడు. పొట్టి మనిషి. మెడ భుజాల్లోకి దిగిపోయి ఉంటుంది. జీవితమంతా తల దించుకుని తిరిగినవాడికి అంతకంటే మెడ ఎక్కడినుంచి వస్తుంది?

డాన్యూబ్ నది ఒడ్డున మోహాచ్‌లో పుట్టి, మీసాలు రాకముందే బొగ్గు పడవ ఎక్కాడు. ఇప్పుడు యాత్రికుల ఓడ. వియన్నా, మెల్క్, పాసౌ, ఎక్కడ ఆగినా వాళ్ళు దిగి కోటలూ చర్చిలూ చూసి వస్తారు. అతను తాళ్ళు కనిపెట్టుకుని ఓడలోనే ఉంటాడు. ఏ ఊరినైనా దాని వంతెన అడుగును బట్టే గుర్తుపడతాడు. "వియన్నా ఎలా ఉంటుంది?" అని పెళ్ళైన కొత్తలో భార్య అడిగితే, "కిందనుంచి చూస్తే చెమ్మగా ఉంటుంది" అన్నాడు. ఆమె పోయేదాకా నలుగురిలో ఆ మాట చెప్పి అతన్ని ఏడిపించేది.

ఆమెకు కూడా చెప్పనిది ఒకటుంది. అతనికి వంతెనలంటే భయం. బొగ్గు పడవ రోజుల్లో, పక్కన నిలబడి ఈల వేస్తున్న నేస్తం, ఒక వంతెన దాటేసరికి లేడు. అప్పటినుంచి ప్రతి వంతెనకూ అందరికంటే ముందు తల దించేస్తాడు.

ఇవాళ వానలకు డాన్యూబ్ పొంగింది. స్ట్రౌబింగ్‌కి ముందున్న రైలు వంతెనకూ డెక్కుకూ మధ్య మనిషి పడుకోవడానికే చోటుంది.

"బాబాయ్, మొహం అలా పాలిపోయిందేం?" వంటమనిషి మార్గిత్ మెట్లమీంచి తొంగిచూసింది. "ఎన్ని వంతెనలు చూశావు, ఇంకా కొత్తపెళ్ళికొడుకులా వణుకుతావే?"

"తల లోపల పెట్టు ముందు. తర్వాత నవ్వుదువుగాని."

తనూ దిగబోతూ వెనక్కి చూశాడు. ఓడ ముందువైపు, కుర్చీల దొంతర చాటునుంచి, లోథర్ అనే జర్మన్ ముసలాయన లేచాడు. వెనకబడిపోతున్న కొండమీది చర్చికి కెమెరా సర్దుకుంటున్నాడు. ఆయనకు చెవుడు. వంతెన ఆయన వీపు వెనకే వస్తోంది.

నేస్తం వేసిన ఆ ఈల గెర్గెలీకి మళ్ళీ వినబడింది. ఎలా వెళ్ళాడో తెలియదు. ముసలాయన నడుం పట్టి లాగాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. తుప్పు పట్టిన ఇనుమూ, సాలెగూళ్ళూ, పావురాల రెట్టలూ మొహాల మీదుగా జరిగిపోయాయి.

ఎండ వచ్చింది. లోథర్ మోచెయ్యి రుద్దుకుంటూ లేచి, "ఇంత మోటుగానా లాగేది?" అని సణిగాడు. వెనక్కి తిరిగి వంతెనను చూశాక సణుగుడు ఆపాడు. చెయ్యి అందించాడు.

"లేవయ్యా. నా ప్రాణం కాపాడావు."

గెర్గెలీ ఆ చెయ్యి అందుకోలేదు. వంతెన అతన్ని తాకనైనా లేదు. ఒంటిమీద చిన్న గీత కూడా లేదు. ఇన్నేళ్ళూ భయపడిన గుండె ఇక చాలనుకుని ఆగింది.

స్ట్రౌబింగ్‌లో దుప్పటి కప్పి దించారు. మార్గిత్ ఏడుస్తూ గట్టుదాకా వెంట నడిచింది. అతను ఆ ఊళ్ళో ఓడ దిగడం అదే మొదటిసారి.

పైడెక్కు మీద, మెట్లకూ కుర్చీలకూ మధ్య, పరుగులో ఊడిపోయిన అతని బూటు ఒకటి ఓడ ముందువైపుకు తిరిగి పడి ఉంది.