వేలు ఒక చోట, నోరు ఒక చోట

నేను ఒక వెండి చేతిని. జానెడు కాడ, దాని చివర చిన్న అరచెయ్యి, అందులో చాచిన చూపుడు వేలు. అంతే నా ఒళ్ళు. తోలు మీద రాసిన యూదుల ధర్మగ్రంథం తోరా చుట్టను ఉత్త వేలితో తాకకూడదు గనుక, చదివే మనిషి నన్ను పట్టుకుని అక్షరాల వెంబడి నడిపిస్తాడు. బాపట్ల దగ్గర ఒక పల్లెలో, రేకుల కప్పు వేసిన యూదుల ప్రార్థన మందిరంలో నా ఉద్యోగం. శనివారం ఒక్క పూట పని, మిగతా రోజులు పట్టుగుడ్డలో నిద్ర. ఇలాంటి ఉద్యోగం ఇంకెవరికి దొరుకుతుంది చెప్పండి!

పుట్టుకలోనే నాకొక చిక్కు వచ్చింది. నన్ను చేసిన తెనాలి కంసాలి సోమాచారి గారు జీవితమంతా దేవుళ్ళకు వెండి తొడుగులు చేసిన మనిషి. చెయ్యి కావాలనగానే అయిదు వేళ్ళూ విప్పి చక్కని అభయహస్తం తయారుచేశారు. తీసుకుపోవడానికి వచ్చిన నఫ్తాలి గారు తల పట్టుకున్నారు.

“ఆచారిగారూ, దీవించే చెయ్యి కాదండీ, చూపించే చెయ్యి కావాలి.”

“దేవుడి పుస్తకం కాడ ఉండే చెయ్యి దీవించకుండా ఎట్టా ఉంటదండీ?” అని గొణుక్కుంటూనే ఆయన నా మిగతా వేళ్ళు మడిచారు.

నఫ్తాలి గారే మా చదువరి. హీబ్రూ తడుముకోకుండా చదవగలిగింది ఊళ్ళో ఆయనొక్కరే. తోరాలో ఆ వారం వంతు భాగం చదివాక, వెనకటి గురువులు చెప్పిన సంగతులు తెలుగులో చెప్పేవారు. “ఓడెక్కిన నోవహు హాయిగా కూచున్నాడనుకున్నారా? అన్ని జంతువులకూ మేతెయ్యలేక కంటి మీద కునుకే లేదంట!” అంటే మందిరమంతా నవ్వేది. ఆయన బావమరిది ఓబద్య మాత్రం తన కునుకు తాను తీసేవాడు.

కొంతకాలానికి ఆయన కళ్ళకు శుక్లాలు కమ్మాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే చదువు ఆగిపోతుందని దిగులు, కంట్లో కత్తి పెడతారని భయం. భాగాలన్నీ కంఠతా వచ్చు గనుక నెట్టుకొచ్చారు. ఎంత కంఠతా వచ్చినా అక్షరం చూడకుండా సభలో తోరా చదవకూడదన్నది పెద్దల నియమం. అది ఆయనకు తెలియనిదా? ఆయన నోరు అబ్రాహాము గుడారంలో ఉంటే నా వేలు సొదొమలో తిరుగుతుండేది. జనం తమ పుస్తకాల్లో చూసుకుంటూ ఆయన మాట సరిపోయిందా లేదా అని వినేవారే గాని, నా వంక చూసినవాడు లేడు.

కార్తీకంలో ఒక శనివారం ఇస్సాకు కథ వచ్చింది. ముసలివాడైన ఇస్సాకుకు చూపు ఆనక, అన్న వేషంలో వచ్చిన చిన్నకొడుకు చేతులు తడిమి, గొంతేమో చిన్నవాడిది, చేతులేమో పెద్దవాడివి అని తికమకపడతాడు పాపం. ఆ రోజు తోరా దగ్గరికి పిలుపు ఓబద్యకు వచ్చింది. రొయ్యల చెరువుల మోటార్లు బాగుచేసే మనిషి, హీబ్రూ కూడబలుక్కుని చదువుతాడు. పిలుపు అందుకున్నవాడికి చదువరి నాతో చోటు చూపించాలి. ఆ వచ్చినవాడు తన ప్రార్థన శాలువ కుచ్చు అక్కడ అద్ది, ముద్దు పెట్టుకుని, దీవెన పలకాలి. నఫ్తాలి గారు ధీమాగా నన్ను చాచారు. నా వేలి కింద అక్షరమే లేదు. రాతకూ రాతకూ మధ్య ఖాళీగా వదిలిన తోలు!

ఓబద్య నన్ను చూశాడు. బావ కళ్ళలోకి చూశాడు. అర్థమైపోయింది. నలుగురిలో మనిషి ముఖం పాలిపోయేలా చేస్తే నెత్తురు చిందించినంత పాపమని ఆ బావే ఒక శనివారం చెప్పారు. ఆ వేళ ఓబద్య మేలుకునే ఉన్నాడన్నమాట.

“బావా, ఈ వారం నాకు చదవాలని మనసైంది. తప్పులు నువ్వు దిద్దు,” అని అందరికీ వినబడేలా అన్నాడు. బావ చేతి మీద చెయ్యి వేసి, నన్ను మెల్లగా సరైన మాట దగ్గరికి జరిపాడు. నఫ్తాలి గారి వేళ్ళు నన్ను వదిలేశాయి.

ఇక చూడండి నా తిప్పలు! ఓబద్య ఒక మాట ముందుకు వెళ్ళి రెండు మాటలు వెనక్కి వచ్చేవాడు. నఫ్తాలి గారు పక్కనే నిలబడి ప్రతి తప్పూ దిద్దారు. దిద్దడానికి కంఠతా వస్తే చాలు, ఏ నియమమూ అడ్డురాదు. జనం ముసిముసిగా నవ్వారు. నఫ్తాలి గారి భార్య దీనమ్మ వెనక నుంచి, “తమ్ముడూ, తొరగా కానియ్యరా, కుంపటి మీద పులుసు ఇగిరిపోతంది!” అని కేకేసింది. ఓబద్య చెమట తుడుచుకుని తనూ నవ్వాడు. నవ్వేవాళ్ళు తనను చూసి నవ్వితే అతనికి అదే పదివేలు.

ఇస్సాకు కళ్ళు మసకబారాయన్న చోట ఓబద్య మళ్ళీ తప్పాడు. నఫ్తాలి గారు తన కళ్ళు ఒత్తుకుని, ఆ మాట మెల్లగా పలికారు.

చుట్ట మూసేటప్పుడు చెవిలో అడిగారు. “ఓబద్యా, గుంటూరు కంటాసుపత్రికి తీసుకుపోతావా?”

“నువ్వు అడగటమే ఆలస్యం బావా.”

తర్వాతి వారాలు ఓబద్యే చదివాడు. జనానికి ఓర్పు పెరిగింది. దీనమ్మ పులుసులో నీళ్ళు పెంచింది. మోషే మండే పొదను చూద్దామని పక్కకు తిరిగిన భాగం వచ్చేనాటికి నఫ్తాలి గారు బాగుపడిన కళ్ళతో వచ్చి నన్ను అందుకున్నారు. “ఒరే, దీనికి గ్రీజు పూశావేంట్రా!” అని పంచె చెంగుతో తుడిచారు.

ఓబద్యకు పిలుపు వచ్చింది. నఫ్తాలి గారు నన్ను చాచారు. మళ్ళీ ఖాళీ తోలే! ఓబద్య ముఖం నల్లబడింది. హడలిపోయి తలెత్తితే, బావ పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంటున్నారు.

“కనబడతందిలేరా,” అని, నన్ను సరిగ్గా మొదటి అక్షరం మీదికి తెచ్చారు.

ఓబద్య దీవెన పలకబోయి నవ్వేశాడు, నవ్వబోయి ఏడ్చేశాడు. నా మడిచిన వేళ్ళన్నీ విప్పి ఆ ఇద్దరి నెత్తి మీదా పెట్టి దీవించాలనిపించింది. సోమాచారి గారు అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.